కొలువు విడుచు వేళ

గడచిన ఉగాదికి పది దినములు ముందు, సైబర్‌జయలో కాపురముండు మా మేనల్లుడు నన్ను తన ఇంటికి పిలుచుకొని పోయెను. భోజనములైన పిదప పిల్లలు నిద్రపోయిరి. అతడు మేడమీది వరండాలో నాకొక కుర్చీ వేసి, తానొకటి వేసికొని, చాలసేపు ఊరకుండి, "మామయ్యా, ఈ ఉద్యోగం మానేయమంటావా, ఇంకొన్నాళ్ళు ఉండమంటావా?" అని అడిగెను.

అతడు పనిచేయుచున్నది కంప్యూటరు పనులు చేయించు ఒక చిన్న సంస్థ. దాని పేరు ఇచట అనవసరము. నాలుగు సంవత్సరములుగా అందులోనే ఉన్నాడు. మూడు నెలలనుండి జీతము ఆలస్యమగుచున్నది. మొదట వారము, పిమ్మట పది దినములు, ఆ పిమ్మట సగము ఇప్పుడు, సగము తరువాత. పై అధికారి ఏడాదిలో ముగ్గురు మారిరి. ఒకరు చేయుమన్న పనిని మరొకరు చెరిపివేయుమందురు. మంచి పనివారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోవుచున్నారు. వారి పనియంతయు మిగిలినవారి నెత్తిమీద పడుచున్నది. యజమాని మాత్రము దుష్టుడు కాడట. కష్టకాలమున పెండ్లికి సాయము చేసినవాడట. "అట్టివాడిని నడిమధ్యలో వదలి పోవుట ధర్మమేనా?" అన్నది అతని ప్రశ్న.

నాకు వెంటనే బదులు తోచలేదు. ఎదుట దీపముల వరుసలు, గాజు గోడల భవనములు కనిపించుచుండెను. 1997లో ఈ నగరము వెలయకముందు ఇచ్చటంతయు తోటలే. నేనును తోటలో పుట్టినవాడనే, పేరాక్ రాష్ట్రములోని ఒక రబ్బరు తోటలో. కొలువు విడుచుట అనగా మా తాత తండ్రులకు ఏమి అర్థమో, ఈ పిల్లవానికి ఏమి అర్థమో, రెండింటి నడుమ ఎంత దూరమున్నదో ఆ రాత్రి ఆలోచించితిని. ఈ వ్యాసము ఆ ఆలోచనయే.

మన పూర్వీకులు విశాఖ, శ్రీకాకుళము మొదలగు మండలములనుండి ఓడలెక్కి వచ్చిరి. ఒప్పంద కూలీలుగా వచ్చినవారికి గడువు తీరకముందు తోట విడుచు హక్కు లేదు. విడిచినవాడు పారిపోయినవాడు, పారిపోయినవాడు నేరస్థుడు. జీతమునకు సంబంధించిన తగవును చెరసాలతో తీర్చిన కాలమది. ఒప్పంద కూలీలను చేర్చుకొనుట 1910లో నిలిచిపోయెను. ఆ తరువాత కంగాణీల ద్వారా వచ్చినవారు చట్టము ప్రకారము ఒక నెల ముందు చెప్పి పోవచ్చును. కాని కాగితముమీది హక్కు వేరు, కాలికి ఉపయోగపడు హక్కు వేరు. ఓడ ఖర్చు, కంగాణీ బాకీ, అంగడి బాకీ, తోటయిచ్చిన లైను ఇల్లు, ఇవన్నియు ఒకే త్రాటికి కట్టబడినవి. కొలువు విడిచినవాడు ఆ రాత్రి ఎక్కడ పండుకొనవలెను? పొరుగున సింహళ ద్వీపమునందు 'తుండు' అను చీటీ యుండెడిది. కూలివాని బాకీ అందులో వ్రాసియుండును. ఆ బాకీ తీర్చిన తోటదొరకే వాడు పోవలెను. ఆ చీటీ పద్ధతిని 1921లో రద్దు చేసిరి. మలయాలోను తోట తోటకు మారు కూలివానిని కట్టడిచేయుటకు దొరలు తమలో తాము చేసికొన్న ఏర్పాటులు తక్కువ కావు.

కనుక నెలరోజుల నోటీసు కాగితము వ్రాసి బల్లమీద పెట్టి రాగల ఈనాటి స్వేచ్ఛ మనకు ఊరక వచ్చినది కాదు. దానిని చులకనగా వాడుకొనుట తప్పు. వాడుకొనుటకే సిగ్గుపడుట అంతకంటె పెద్ద తప్పు.

రెండవ సంగతి కూడ చెప్పవలెను. మనలో పెద్దలు కొందరు "నమ్మిన చోట నిలువవలెను" అని పిల్లలకు బోధింతురు. నమ్మి నిలిచినవారికి జరిగినది ఏమి? 1930లో రబ్బరు ధర పడిపోయినపుడు తోటలు మన వారి కూలి తగ్గించెను, పని తగ్గించెను. ఆ రెండు మూడు సంవత్సరములలో లక్షకు మించిన భారతీయ కూలీలను, వారి కుటుంబములను ఓడలలో వెనుకకు పంపిరి. 1950, 60 దశకములలో దొరలు పెద్ద తోటలను ముక్కలుచేసి అమ్ముకొనుచుండగా పాతిక ముప్పది ఏండ్లు పాలు గీసినవారు ఒక్క పూటలో కొలువు కోల్పోయిరి. ఉంగ్కు అజీజ్ పండితుడు ఆ విభజనపై ప్రత్యేకముగా పరిశోధన చేసి నివేదిక వ్రాసియున్నాడు. మా మేనల్లుని వరండాకు కనుచూపు దూరములోనే మరొక ఉదాహరణము కలదు. నేటి పుత్రజయ ఉన్నచోట ప్రాంగ్ బెసార్ తోట యుండెడిది. మొదటి ప్రపంచ యుద్ధమున పోరాడిన ఆంగ్ల సైనికాధికారులు ఆ తోట వేసిరి. ఆ పేరునకు అర్థమే మహాయుద్ధము. అచట పుట్టిన పిబి 86 అను రబ్బరు జాతి దేశదేశములకు ప్రాకెను. ఆ తోటలోను, ప్రక్కనున్న సెడ్జ్‌లీ, గాలవే, మెడింగ్లీ తోటలలోను తరతరములుగా పనిచేసిన కుటుంబములు రాజధాని నిర్మాణమునకై ఖాళీ చేయవలసివచ్చెను. వారిని డెంగ్కిల్‌లోని ఫ్లాట్లకు చేర్చిరి. ఆ ఫ్లాట్లు బీటలు వారెను. నేలమీద ఒక సొంత ఇంటికై వారు దశాబ్దములు తిరిగిరి. మొక్కకు ప్రపంచములో పేరు వచ్చెను. మొక్కను పెంచినవానికి ఇల్లు రాలేదు.

ఇది కోపముతో చెప్పుట లేదు. నిలిచియుండుట అనునది దానంతట అది పుణ్యము కాదనియు, ఎవరికొరకు, దేనికొరకు నిలిచితివి అన్నదానినిబట్టియే దానికి విలువ యనియు చెప్పుటకే వ్రాసితిని.

తెలుగు పిల్లవానికి ఈ విషయములో మొదట గుర్తుకు వచ్చునది సుమతీ శతకము. జీతమీయని దొరను పట్టుకొని వ్రేలాడుటకంటె ఎద్దులు కట్టుకొని పొలము దున్నుకొని బ్రతుకుట మేలని చెప్పు పద్యము అందులో నున్నది. మా నాయన ఆ పద్యమును లైను ఇంటి గుమ్మములో కూర్చుండి రాగముతో చదివెడివాడు. చదివి, నవ్వి, "ఎద్దులేవిరా, మడి ఏదిరా?" అనెడివాడు. చిన్ననాడు నాకది వేళాకోళముగా తోచెను. ఇప్పుడు ఆలోచింపగా శతకకారునికి ఆయన వేసిన ప్రశ్న చాల సరియైనది. ఆ పద్యము ఎద్దులున్నవానికి చెప్పినది. ఎద్దులు లేనివాని నీతి వేరు. వాడు మొదట ఎద్దులు సంపాదింపవలెను. చెడ్డ దొర క్రింద నుండియే సంపాదింపవలెను. అది పిరికితనము కాదు.

ఈ కాలపు ఎద్దులు ఏవి? ఆరు నెలలు అద్దె కట్టి అన్నము తినగల దాచిన సొమ్ము ఒక ఎద్దు. మరొక చోట అమ్ముడుపోగల విద్య రెండవ ఎద్దు. మా మేనల్లుని అడిగితిని. మొదటి ఎద్దు బక్కదనెను. రెండవది బాగుగనే యున్నదనెను. ఒక్క ఎద్దుతో దున్నుట కష్టము. అందుచేత "రేపే మానివేయుము" అని నేననలేదు.

ఇక అసలు ప్రశ్న. సంస్థ కష్టములో నున్నది అన్నమాట ఒకటి, సంస్థ చెడ్డ నిర్వహణలో నున్నది అన్నమాట మరొకటి. ఈ రెంటిని మనము కలగాపులగము చేయుదుము. వానలు లేక పంట పోయిన రైతును వదలి పాలేరు పారిపోయినచో లోకము వానిని మెచ్చదు. రైతు విత్తనములమ్ముకొని జూదమాడుచున్నచో పాలేరు ఎంతకాలము మడిలో నిలువవలెను? ధర పడిపోవుట, కొనువాడు రాకపోవుట, రోగములు ప్రబలి లోకమే మూతపడుట, ఇవి ఎవరి చేతిలోను లేవు. 2020లో అట్టి కాలము మనమందరము చూచితిమి. అప్పుడు యజమాని పనివారిని పిలిచి, లెక్కలు ముందుంచి, "ఇంతయున్నది, ఇన్ని నెలలు గడచును, అందరము కొంత తగ్గించుకొందము, నేను ముందు తగ్గించుకొందును" అనినచో, అట్టి చోట నిలుచుట మనుష్యధర్మము. అట్లు నిలిచిన సంస్థలు కలవు, నిలిపిన పనివారు కలరు.

అయితే ఏది కష్టము, ఏది దుర్నిర్వహణ అని పనివాడు ఎట్లు తెలిసికొనవలెను? వానికి లెక్కల పుస్తకము చూపరు గదా.

ఇచట మా నాయన పద్ధతి చెప్పెదను. ఆయన చదువుకొన్నవాడు కాడు. తోటలో పాలు గీసి మధ్యాహ్నమునకు తూకపు పాకకు తెచ్చెడివారు. కిరాణి పాలలో మెట్రోలాక్ ముంచి, ఎంత నీరు, ఎంత రబ్బరు అని చూచి చీటీలో వ్రాసెడివాడు. ఆ అంకెమీదనే కూలి. మా నాయన నాలుగు తోటలు మారెను. ప్రతి తోటలోను ఆయన మొదటి వారము చూచునది దొర ముఖము కాదు, లైను ఇల్లు కాదు. కిరాణి మెట్రోలాక్‌ను గీసినవానివైపు త్రిప్పి చూపునా, చేతితో కప్పి వ్రాయునా అని చూచెడివాడు. చూపు తోటలో కూలి తక్కువైనను ఉండెను. కప్పు తోటలో కూలి ఎక్కువ చెప్పినను నిలువలేదు. "తక్కువ ఇచ్చేవాడితో బ్రతకొచ్చు, తక్కువ రాసేవాడితో బ్రతకలేం" అనెడివాడు.

నేటి మెట్రోలాక్ ఏది? నా మట్టునకు అది ఉద్యోగుల భవిష్యనిధి. ఈ దేశమున 1951లో నెలకొన్న ఈ నిధివంటిది లోకములో చాల దేశములకు ఇప్పటికిని లేదు. జీతమునుండి తీసిన భాగమును, యజమాని తన వంతును కలిపి, మరుసటి నెల 15వ తేదీలోగా నిధికి చెల్లింపవలెను. పనివాడు తన లెక్కను ఇంటినుండి చూచుకొనవచ్చును. జీతము ఆలస్యమగుట కష్టకాలమున జరుగవచ్చును. కాని జీతపు చీటీలో నిధికి తీసినట్లు చూపి, నిధికి చేర్చకుండుట కష్టము కాదు. అది నీ సొమ్ము. నీ అనుమతి లేకయే నీవద్ద అప్పు తీసికొని, తీసికొన్న సంగతిని దాచుట. మా మేనల్లుని ఆ రాత్రియే తన లెక్క చూడుమంటిని. నాలుగు నెలల సొమ్ము చేరలేదు. చీటీలలో మాత్రము నాలుగు నెలలును తీసినట్లున్నది. అతని ముఖము చూచి ఆ ప్రస్తావన ఎందుకు తెచ్చితినా అని నొచ్చుకొంటిని.

సొమ్ము తక్కువగుట కాదు, సత్యము తక్కువగుట ఆపద. ఈ మాటకు తెలుగువారికి పెద్ద సాక్ష్యము 2009లో దొరికెను. 1987లో హైదరాబాదులో పుట్టి, యాబదివేలకు మించిన ఉద్యోగులతో దేశదేశములలో కార్యాలయములు తెరచిన సత్యం సంస్థను ఎరుగనివారు లేరు. ఈ సైబర్‌జయలోను దాని కార్యాలయ ముండెను. తెలుగునాటినుండి మొదటిసారి విమానమెక్కిన ఎందరో యువకులు ఆ సంస్థ పేరుమీదనే ఎక్కిరి. 2009 జనవరి 7వ తేదీన దాని అధిపతి బైర్రాజు రామలింగరాజు, కొన్ని సంవత్సరములుగా లెక్కలలో లేని లాభములు, లేని నిల్వలు చూపుచున్నామని తానే ఉత్తరము వ్రాసి ఒప్పుకొనెను. లేని నగదు ఐదువేల కోట్ల రూపాయలకు మించినది. పులినెక్కినవాడు దిగలేనట్లు తన స్థితి యయ్యెనని ఆయనయే వాపోయెను. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము ఆయనకును, మరికొందరికిని ఏడేండ్ల శిక్ష విధించెను.

ఆ జనవరి నెలలో ఆ ఉద్యోగుల స్థితిని తలచుకొనుడు. గడచిన దినము వరకు వారి సంస్థ మంచి సంస్థ. ఇండ్లకు అప్పులు తెచ్చుకొన్నారు, పెండ్లి సంబంధములు ఆ పేరు చూచి కుదిరినవి. తెల్లవారునప్పటికి ఆ పేరే అవమానము. కొందరు వెంటనే వెళ్ళిపోయిరి. తప్పనుటకు వీలులేదు. వేలమంది నిలిచిరి. భారత ప్రభుత్వము పాత పాలకవర్గమును తొలగించి క్రొత్తవారిని నియమించెను. వారు నిజమైన లెక్కలు వ్రాయించిరి. ఆ ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా సంస్థ దానిని తీసికొనెను. నిలిచినవారందరికి సుఖము కలిగెనని చెప్పను. ఆ సంవత్సరము వేలమందికి పనిలేక తగ్గించిన జీతముతో ఇంట కూర్చుండవలసివచ్చెను. అయినను ఖాతాదారులు పోకుండ పట్టుకొన్నది, జీవములేని సంస్థను మరల నడిపినది ఆ నిలిచినవారే.

ఇందులో నాకు తోచిన సూక్ష్మ మొకటి కలదు. 2008లో లాభములు దండిగా నున్నట్లు కనబడినపుడు అది ఉండదగిన చోటు కాదు, కాని ఎవరికిని తెలియదు. 2009లో అంతయు కూలినట్లు కనబడినపుడు, నిజము బయటపడినది గనుక, అది ఉండదగిన చోటయ్యెను. బయటి చూపునకు తలక్రిందులుగా తోచును. కొలువు విడుచుటకు సంస్థ ఎంత క్రుంగినది అన్నది కొలత కాదు. క్రుంగుట గురించి అడిగినచో నిజము చెప్పుదురా, లేదా?

అడుగుట అంటిని. అమెరికా పండితుడు ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఈ విషయముపై ఒక గ్రంథము వ్రాసెను. చెడిపోవుచున్న సంస్థయందు మనుష్యునికి గొంతెత్తుట, వెడలిపోవుట అను రెండు మార్గములున్నవనియు, విధేయత అనునది వెడలుటను కొంత ఆలస్యముచేసి గొంతెత్తుటకు అవకాశమిచ్చుననియు ఆయన వాదము. మనకిది క్రొత్త కాదు. విభీషణుడు ఏమి చేసెను? అన్నకు చెప్పెను. ఒకసారి కాదు, సభలో చెప్పెను, ఏకాంతమున చెప్పెను. అవమానము పొందిన పిమ్మట, నలుగురు అనుచరులతో ఆకాశమార్గమున బహిరంగముగా వెడలెను. రాత్రివేళ గోడ దూకలేదు. అయినను మన వారు "ఇంటి గుట్టు లంకకు చేటు" అని సామెత చేసి ఆయనను నేటికిని వెక్కిరింతురు. ఈ సామెత చేసినది ఎవరో లంకలో జీతము సకాలమున అందుకొనుచున్నవాడై యుండవలెను.

కుంభకర్ణుడును అన్నకు తప్పు తప్పేయని చెప్పెను. చెప్పి నిలిచెను, నిలిచి మడిసెను. ఆయన ఎడల నాకు గౌరవము కలదు, ఎందుకనగా తాను చేయుచున్నదేమో తెలిసి చేసెను. బాధయెల్ల భీష్మునితోనే. తాను కౌరవుల సొమ్మునకు కట్టుబడినవాడనని ఆ వృద్ధుడే ధర్మరాజుతో ఒప్పుకొనెను. నిండుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మము సూక్ష్మమనెను. ఉప్పు తిన్నంత మాత్రమున నోరు కుట్టుకొనవలెనా? మనలో చాలమంది ఉద్యోగులు తాము కుంభకర్ణులమని తలచి భీష్ములై కాలము గడుపుదురు. ఇరువది సంవత్సరములు ఒక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసిన నేను ఈ మాట పరులకొరకు వ్రాయుట లేదు.

యజమాని పెండ్లికి సాయము చేసినాడు గదా అన్నది మా మేనల్లుని అడ్డంకి. ఋణము ఋణమే. కాని ఏ ఋణమును ఏ నాణెముతో తీర్చవలెనో తెలియవలెను. మనిషికి మనిషి చేసిన మేలు మనిషిగానే తీర్చవలెను. ఆ యజమాని ఇంట రోగము వచ్చినచో పోయి కూర్చుండుము, అతని బిడ్డకు పాఠము చెప్పుము. అంతేకాని తోటివారి భవిష్యనిధి సొమ్ము మాయమగుచుండగా మౌనముతో ఆ ఋణము తీర్చరాదు. ఆ నాణెము నీది కాదు, వారిది.

మరి రెండు మాయమాటలు మనలను కట్టివేయును. "ఇంతకాలము ఉంటిని గదా" అన్నది ఒకటి. గడచిన నాలుగేండ్లు ఉండినను గడచినవే, పోయినను గడచినవే. రెండవది, "నేను లేకున్న ఇది కూలిపోవును" అన్నది. ఇందులో సగము ప్రేమ, సగము అహంకారము. నిజముగా ఒక్కడు పోగా కూలు సంస్థయైనచో దానిని కూల్చుచున్నది ఆ ఒక్కడు కాదు.

అయితే తోటివారి మాట అట్లు కాదు. మా మేనల్లుని క్రింద ఇద్దరు పిల్లలు పనిచేయుచున్నారు. ఒకడు మన దేశమువాడే. రెండవవాడు తెలంగాణమునుండి వచ్చినవాడు. అతని పని అనుమతి ఆ యజమాని పేరుమీదనే యున్నది. యజమాని మారవలెనన్న క్రొత్త అనుమతి కావలెను. అది వచ్చులోపల ఇల్లు, బిడ్డ చదువు, దేశములో ఉండు హక్కు అన్నియు ఊగిసలాడును. సైబర్‌జయలో తెలుగు మాట వినబడు ప్రతి అంగడియందును ఇట్టివారు కనబడుదురు. మనము పౌరులము, వారు రాకపోకలవారు. మనము వారిని చూచి "ఇంత జీతమున్నది, వీరికేమి కొరత" అనుకొందుము. తోట తోటకు తిరిగిన కూలివాని మనుమలమైన మనకే ఆ అనుమతి కాగితము బరువు తెలియకపోయినచో మరెవరికి తెలియును? ఆ కుర్రవానికి "ధైర్యముగా మానివేయుము" అను సలహా ఇచ్చుట సుళువు. ముందు వానికొక చోటు చూపి పిమ్మట ధైర్యము చెప్పవలెను.

ఇక చట్టము సంగతి కొంత చెప్పెదను. ధర్మము తెలిసియు చట్టము తెలియక నష్టపోయినవారు మనలో మెండు. 1955 నాటి ఉద్యోగ చట్టము 2023 జనవరి 1నుండి ద్వీపకల్ప మలేషియాలో జీతముతో నిమిత్తము లేక ఉద్యోగులందరికి వర్తించుచున్నది. అయితే లోపలి కొన్ని హక్కులు, పని తీసివేసినపుడు ఇచ్చు పరిహారము వంటివి, నెలకు 4,000 రింగిట్లు దాటినవారికి లేవు. ఒప్పందములో గడువు వ్రాసియుండనిచో, రెండేండ్లలోపువాడు 4 వారములు, రెండు మొదలు ఐదేండ్లలోపువాడు 6 వారములు, ఆపైవాడు 8 వారములు ముందుగా చెప్పవలెను. యజమానికిని అదే గడువు. జీతము గడువు ముగిసిన ఏడవ దినములోగా ఇయ్యవలెను. ఈయనిచో ఒప్పందము తప్పినది యజమానియే అని చట్టము భావించును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. పనివాడు తానై రాజీనామా ఇచ్చుట వేరు, పని పోవుట వేరు. తానై మానినవానికి 1980 నిబంధనల క్రింది పరిహారము రాదు. 2018నుండి అమలులోనున్న ఉద్యోగ బీమా సొమ్మును సామాన్యముగా రాదు. పని పోయినవానికి బీమా మొదటి నెల జీతములో 80 వంతులవరకు ఇచ్చి, ఆపై నెలనెల తగ్గించుచు కొంతకాలము ఆదుకొనును. అందుచేతనే కష్టములో నున్న కొందరు యజమానులు పనివారిని పిలిచి, "మర్యాదగా మీరే రాజీనామా వ్రాసి ఇండు, మంచి పత్రము వ్రాసి ఇచ్చెదము" అందురు. ఆ మర్యాద ఖరీదు ఎంతో ఇంటికి పోయి లెక్కవేసికొనకుండ సంతకము చేయరాదు. యజమాని ప్రవర్తనయే ఉండనీయక తరిమినదైనచో దానికి వేరే న్యాయమార్గమున్నది. కాని పారిశ్రామిక సంబంధముల శాఖకు 60 దినములలో మొరపెట్టుకొనవలెను. బీమా కోరుటకును 60 దినములే. రోషముతో రెండు నెలలు ఇంట కూర్చున్నవానికి ఏదియు మిగులదు.

విడుచుటలో కూడ ఒక పద్ధతి యున్నది. మా నాయన తోట మారునపుడు తన వరుసలోని చెట్ల గీత మట్టముగా గీసి, కప్పులు కడిగి బోర్లించి వచ్చెడివాడు. వచ్చువాడు ఎవడో తెలియదు, అయినను వాడు కూలివాడే గదా అని. నేటి ఉద్యోగికి కప్పులు కడుగుట అనగా, చేయుచున్న పనిని వ్రాసి అప్పగించుట, తాళములవంటి రహస్య పదములు ఇచ్చివేయుట, ఖాతాదారుల పట్టికను జేబులో వేసికొని పోకుండుట. సంస్థ నీకు అన్యాయము చేసినది గదా అని నీవు మురికి కప్పులు వదలినచో వానిని కడుగువాడు యజమాని కాడు.

ఆ రాత్రి నేను మా మేనల్లునికి ఇచ్చినది తీర్పు కాదు, ఒక తేదీ. "నెలలోపల యజమానిని కలిసి, నిధి సొమ్ము గురించియు, జీతము గురించియు సూటిగా అడుగు. ఒంటరిగా కాదు, ఆ ఇద్దరు పిల్లల మాటయు కలిపి అడుగు. బదులు ఎట్టిదైనను వ్రాసికొనుము. ఆ నెలలో రెండవ చోటు కూడ చూచుకొనుచుండుము" అంటిని. అతడు పోయి అడిగెను. యజమాని కోపపడలేదు. కండ్లనీళ్ళు పెట్టుకొనెనట. అప్పులవారి ఒత్తిడిచే నిధి సొమ్ము వాడుకొంటిననియు, ఎప్పుడు కట్టెదనో చెప్పలేననియు ఒప్పుకొనెనట. "మామయ్యా, ఆయన అబద్ధం చెప్పివుంటే తేలికయ్యేది" అని మా మేనల్లుడు నాతో ఫోనులో చెప్పెను. ఆ మాటకు నాయొద్దను జవాబు లేకపోయెను. నిజము చెప్పిన చోట నిలువవచ్చునని పైన వ్రాసినవాడను నేనే గదా! కాని అడుగునంతవరకు నాలుగు నెలలు చీటీలలో అబద్ధము అచ్చువేసిన మనిషి, పట్టుబడిన పిమ్మట చెప్పిన నిజము ఎంతటి నిజము? సత్యం సంస్థలో లెక్క వ్రాయు చేయి మారెను. ఇచట అదే చేయి, అదే కలము.

అతడు మరి రెండు వారములు చూచెను. నిధిలో ఒక్క నెల సొమ్ము చేరెను, తక్కినది చేరలేదు. ఆరు వారముల నోటీసు వ్రాసి ఇచ్చెను. ఆ ఆరు వారములును ప్రతి దినము పనికి పోయి, ఆ ఇద్దరికి తనకు తెలిసినదంతయు నేర్పెను. తెలంగాణపు కుర్రవానికి తన క్రొత్త కార్యాలయములో చోటు అడిగియున్నాడు. వారు కాగితములు పంపిరట, అనుమతి ఇంకను రాలేదు. మిగిలిన నెలల నిధి సొమ్ముకై మా మేనల్లుడును, మరి ఐదుగురును కలిసి నిధి కార్యాలయములో ఫిర్యాదు వ్రాసి ఇచ్చిరి. చివరి దినమున అతడు యజమాని గదిలోనికి పోయి నమస్కరించి వచ్చెనట. ఆ సంవత్సరము పెండ్లికి ఆయన ఇచ్చిన సొమ్ములో మిగిలియున్న బాకీని నెలకు కొంతగా తీర్చుటకు ఒప్పుకొని, మొదటి వాయిదా ఒక కవరులో పెట్టి బల్లమీద ఉంచెనట.